ఒకే ప్రాసెసర్, వేరు వేరు దారులు: ఒక కాలపు లాజిక్ బోర్డులను పోల్చి చూడటం

(అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మీ ముందున్న బల్ల మీద ఆరు బోర్డులు పెట్టాను. ఎడమ వైపున్న నాలుగూ ఆపిల్ మెకింటాష్ యంత్రాలవి: 1987 నాటి ఎస్‌ఈ, 1989 నాటి ఎస్‌ఈ/30, 1991 నాటి క్లాసిక్ 2, 1992 నాటి ఎల్‌సీ 2. కుడి వైపున్నవి ఇంచుమించు అదే కాలపు పీసీ బోర్డులు. ఒకదానిలో ఇంటెల్ 386 ఎస్‌ఎక్స్ ప్రాసెసర్, రెండోదానిలో 386 డీఎక్స్. ఆపిల్ వారు లాజిక్ బోర్డు అనేదాన్నే మన సుభాష్ రోడ్డు రిపేరు అంగళ్లలో మదర్‌బోర్డు అంటారు కాబట్టి, ఈ ప్రసంగంలో నేను ఉత్త బోర్డు అనే అంటాను.

పాత బోర్డు చేతికి రాగానే మనలో చాలామంది మొదట వెతికేది పెద్ద ఐసీ మీద అచ్చేసి ఉన్న ప్రాసెసర్ పేరు. తర్వాత క్రిస్టల్ మీది అంకె, అంటే బోర్డు గడియారపు వేగం, చూస్తాం. ఆ రెండూ చూసి, ఈ బోర్డు మేలు, ఆ బోర్డు నాసి అని తీర్పు చెప్పేస్తాం. ఈ తీర్పు ఎంత తొందరపాటో చూపడానికే ఇన్ని బోర్డులు మోసుకొచ్చాను. ప్రాసెసర్ పేరు ఒకటే అయి, గడియారపు వేగం చివరి అంకె దాకా ఒకటే అయి, కొత్తగా వచ్చిన యంత్రం రెండేళ్ల ముందరి యంత్రం కంటే నెమ్మదిగా నడిచిన ఉదాహరణ ఈ బల్ల మీదే ఉంది. ఆ తేడా ప్రాసెసర్ నుంచి మెమరీకి వేసిన దారిలో ఉంది. ఆ దారి వెడల్పును ఏ పుస్తకమూ తెరవకుండా, కంటితోనూ మీటర్‌తోనూ మీరే తెలుసుకోవచ్చు.

పోలికకు ఒకే కాలపు బోర్డులు ఎందుకు తీసుకోవాలో ముందు చెబుతాను. 1984 నాటి బోర్డును 1994 నాటి దాని పక్కన పెడితే మనకు కనిపించేది పదేళ్లలో చిప్పుల తయారీ ఎంత ముందుకు పోయిందన్నదే. అదే ఒకటి రెండేళ్ల తేడాతో వచ్చిన రెండు బోర్డులనైతే, రూపకర్తలకు అందుబాటులో ఉన్న సరుకు దాదాపు ఒకటే కనుక, వాటి మధ్య కనిపించే ప్రతి తేడా వెనుక ఒక నిర్ణయం ఉంటుంది. ఎక్కడ ఖర్చు పెట్టారు, ఎక్కడ తగ్గించుకున్నారు, ఎవరికి అమ్మదలచుకున్నారు, పెద్ద యంత్రాల అమ్మకాలు దెబ్బతినకుండా చిన్నదాన్ని ఎక్కడ కట్టేశారు అన్నవన్నీ బోర్డు మీద రాగి గీతల్లో రాసి ఉంటాయి.

మొదట ఎస్‌ఈ, ఎస్‌ఈ/30లను తీసుకుందాం. బయటి పెట్టె చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి: అదే తొమ్మిది అంగుళాల నలుపు తెలుపు తెర, అదే పిడి, అదే ఆకారం. లోపలి బోర్డులు మాత్రం రెండు వేరు వేరు తరాలవి. ఎస్‌ఈలో ఉన్నది మోటరోలా 68000, అది 7.8336 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. లోపల 32 బిట్ల లెక్కలు చేయగలిగినా బయటికి వచ్చే డేటా తీగలు మాత్రం 16. ఎస్‌ఈ/30లో ఉన్న 68030 నడిచే వేగం 15.6672 మెగాహెర్ట్జ్, డేటా తీగలు 32. గడియారం సరిగ్గా రెట్టింపు, దారి వెడల్పు కూడా రెట్టింపు. దానికి తోడు దశాంశ గణితం కోసం 68882 అనే సహాయ ప్రాసెసర్‌ను బోర్డు మీదే పెట్టారు. అప్పటి పెద్ద యంత్రం మెకింటాష్ 2ఎక్స్ బోర్డును ఈ చిన్న పెట్టెలోకి కుదించారనే చెప్పాలి.

ఇప్పుడు మెమరీ స్లాట్లు చూడండి. ఎస్‌ఈలో నాలుగు, ఎస్‌ఈ/30లో ఎనిమిది. వీటిలో పట్టేవి 30 కాళ్ల సిమ్ములు, అంటే మెమరీ చిప్పులు అతికించిన చిన్న పట్టీలు. ఒక్కో సిమ్ము ఒకసారికి 8 బిట్లు మాత్రమే ఇస్తుంది. పీసీ సిమ్ముల్లో తప్పు పట్టుకోవడానికి తొమ్మిదో బిట్టు ఒకటి అదనంగా ఉంటుంది, దాన్ని మన లెక్కలో కలపనక్కరలేదు. కాబట్టి 16 బిట్ల దారి నిండాలంటే రెండు సిమ్ములు కలిసి పనిచేయాలి, 32 బిట్ల దారి నిండాలంటే నాలుగు కలవాలి. అలా కలిసి పనిచేసే గుంపును బ్యాంకు అంటాం. ఎస్‌ఈలో సిమ్ములు జతలు జతలుగా వేస్తారు, ఎస్‌ఈ/30లో నాలుగేసి చొప్పున వేస్తారు. పాత యంత్రానికి మెమరీ పెంచే కుర్రవాడు రెండు సిమ్ములు అడిగాడా, నాలుగు అడిగాడా అన్నదాన్ని బట్టే ఆ బోర్డు దారి ఎంత వెడల్పో చెప్పేయవచ్చు.

తెర విషయంలోనూ ఈ రెండింటి మధ్య పెద్ద తేడా ఉంది. తెర మీద 512 అడ్డ చుక్కలు, 342 వరుసలు; చుక్కకు ఒక బిట్టు చొప్పున లెక్కేస్తే 21,888 బైట్లు. ఎస్‌ఈలో ఈ బొమ్మ ప్రధాన మెమరీలోనే ఒక మూల ఉంటుంది, తెరను గీసే సర్క్యూట్ అదే మెమరీ నుంచి చదువుతూ ఉంటుంది, అంటే ప్రాసెసర్ తన దారిని తెరతో పంచుకోవాలి. ఎస్‌ఈ/30లో తెరకు 64 కిలోబైట్ల ప్రత్యేక మెమరీ ఇచ్చారు. బోర్డు మీద ఆ రెండు చిప్పులు ప్రధాన మెమరీకి దూరంగా విడిగా కనిపిస్తాయి, చూపిస్తాను.

గడియారపు అంకె గురించి ఇక్కడ ఒక మాట. 15.6672 అనే వింత అంకె ఎక్కడిదని మీకు అనుమానం రావాలి. ఈ చిన్న మెకింటాష్‌లలో ఎలక్ట్రాన్ పుంజం తెర మీద ఒక్కో చుక్కను గీసే వేగం అది. ఒకే క్రిస్టల్‌తో తెరనూ ప్రాసెసర్‌నూ నడపడానికి, ఎస్‌ఈ వంటి వాటిలో ఆ అంకెను సగం చేసి ప్రాసెసర్‌కు ఇచ్చారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ ఇలాంటిదే జరిగింది: అమెరికా రంగుల టీవీ సంకేతానికి అనువైన 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను పెట్టి, దాన్ని మూడుతో భాగించి 8088 ప్రాసెసర్‌కు 4.77 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. పోటీ పడిన రెండు కంపెనీలూ గడియారాన్ని తెర దగ్గరి నుంచే తెచ్చుకోవడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక అసలు పోలికకు వద్దాం. ఎస్‌ఈ/30 పక్కన ఈ క్లాసిక్ 2 బోర్డు పెడుతున్నాను. ఇందులోనూ 68030 ప్రాసెసరే. గడియారం కూడా 15.6672 మెగాహెర్ట్జే. రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది కాబట్టి కొనేవాడు ఇది కనీసం సమానంగానైనా ఉంటుందనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ స్లాట్లు లెక్కపెట్టండి. రెండే రెండు. రెండు ఎనిమిదులు పదహారు. 32 బిట్ల ప్రాసెసర్‌ను తెచ్చి 16 బిట్ల దారి మీద కూర్చోబెట్టారు. మన హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ఆయకట్టు రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు: చెరువు నిండుగా ఉన్నా, తూము ఎంత వెడల్పో మడికి అంతే నీరు. ప్రాసెసర్ 32 బిట్ల సమాచారం అడిగితే ఎస్‌ఈ/30 మెమరీ ఒక్కసారిగా ఇస్తుంది, క్లాసిక్ 2 మెమరీ రెండు విడతలుగా ఇస్తుంది.

అయితే వేగం సగానికి పడిపోలేదు. ఎందుకంటే 68030 లోపలే ఆదేశాలకు 256 బైట్లు, డేటాకు 256 బైట్లు చొప్పున రెండు చిన్న క్యాష్ మెమరీలున్నాయి, అంటే ఇటీవల వాడినవాటిని దగ్గర ఉంచుకునే చోట్లు. ఒక చిన్న లూపు మళ్లీ మళ్లీ తిరుగుతున్నంత సేపు ప్రాసెసర్ తనకు కావలసినది లోపలి నుంచే తీసుకుంటుంది, బయటి దారి ఇరుకని దానికి తెలియనే తెలియదు. పెద్ద డాక్యుమెంటు కదిపినప్పుడు, బొమ్మను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చినప్పుడు ఆ ఇరుకు బయటపడుతుంది. ఒక బోర్డు ఎంత వేగమని అడిగితే ఏ పనికి అని తిరిగి అడగవలసింది ఇందుకే.

మెమరీ హద్దు చూస్తే తేడా ఇంకా స్పష్టం. ఎస్‌ఈ/30లో ఎనిమిది స్లాట్లలో 16 మెగాబైట్ల సిమ్ములు వేస్తే 128 మెగాబైట్లు. క్లాసిక్ 2లో బోర్డుకే అతికించిన 2 మెగాబైట్లు, స్లాట్లలో 4 చొప్పున రెండు, వెరసి 10. అంతకు మించి దారి లేదు. ఎస్‌ఈ/30లో ఉన్న విస్తరణ స్లాటు, అంటే నెట్‌వర్క్ కార్డో రంగుల తెర కార్డో వేసుకోవడానికి వీలిచ్చే 120 కాళ్ల స్లాటు, క్లాసిక్ 2లో తీసేశారు. గణిత సహాయకుడైన 68882 కూడా బోర్డు మీద లేదు, కావాలంటే దాని కోసం విడిచిన చిన్న స్లాటులో విడిగా కొని వేసుకోవాలి.

ఎల్‌సీ 2 బోర్డు మీద ఇంతకన్నా బాధపెట్టే విషయం ఉంది. ఇదీ 68030, ఇదీ 16 బిట్ల దారి. ఇందులో 4 మెగాబైట్లు బోర్డుకే అతికించారు. రెండు స్లాట్లలో 4 మెగాబైట్ల సిమ్ములు వేస్తే మొత్తం 12 కావాలి. కానీ మెమరీని నడిపే చిప్పు 10 మెగాబైట్లకు మించి గుర్తించదు. డబ్బు పెట్టి కొన్న మెమరీలో 2 మెగాబైట్లు యంత్రం ఉన్నంత కాలం ఎవరికీ పనికిరాకుండా కూర్చుంటాయి. 1990లో వచ్చిన మొదటి ఎల్‌సీకి, అందులో అతికించిన మెమరీ 2 మెగాబైట్లే కనుక, ఈ హద్దు సరిపోయింది. బోర్డు మీద మెమరీ పెంచి, హద్దును మాత్రం అలాగే ఉంచేశారు. 1993లో ఎల్‌సీ 3 వచ్చాక గాని 32 బిట్ల దారి, 36 మెగాబైట్ల హద్దు ఆ వరుసకు దక్కలేదు. దానిలో 72 కాళ్ల సిమ్ము ఒక్కటే స్లాటు. ఆ రకం సిమ్ము ఒంటరిగానే 32 బిట్లు ఇస్తుంది. స్లాట్ల సంఖ్యను మాత్రమే చూసి మోసపోవద్దు, కాళ్లు కూడా లెక్కపెట్టాలని ఈ బోర్డు చెబుతుంది.

ఇది ఒక్క ఆపిల్ చేసిన పనేమీ కాదు. ఇంటెల్ 1985లో 386ను తెచ్చింది, డేటా తీగలు 32, మెమరీలో ఏ చోటు కావాలో చెప్పే అడ్రసు తీగలు కూడా 32. 1988లో 386 ఎస్‌ఎక్స్ వచ్చింది. లోపల అదే 386, బయట డేటా తీగలు 16, అడ్రసు తీగలు 24, అంటే 16 మెగాబైట్ల హద్దు. ఆ తర్వాతే మొదటి దానికి డీఎక్స్ అనే గుర్తు తగిలించారు. తీగలు తగ్గితే బోర్డు మీద గీతలు తగ్గుతాయి, సాయపడే చిప్పులు తగ్గుతాయి, అంతకు ముందరి 286 ప్రాసెసర్ కోసం తయారైన సరంజామా చాలా వరకు పనికొస్తుంది, ధర తగ్గుతుంది. ఎస్‌ఈ/30 తొలి ధర 4 వేల డాలర్ల పైమాటే; 1990లో 68000తోనే వచ్చిన మొదటి క్లాసిక్‌ను 999 డాలర్లకు అమ్మారు. ఆ ధరలే లేకపోతే కంప్యూటర్ మొహం చూడని ఇళ్లూ బడులూ ఎన్నో ఉండేవి. చౌకగా చేయడాన్ని నేను తప్పు పట్టను. ప్రాసెసర్ పేరూ మెగాహెర్ట్జూ పెద్ద అక్షరాలతో అచ్చేసి, దారి వెడల్పును లోపలి పేజీల్లో దాచడం మాత్రం కొనేవాడికి చేసిన అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అదే సమయంలో ఎస్‌ఈ/30కీ ఒక లోపం ఉందని చెప్పకపోతే పోలిక న్యాయంగా ఉండదు. దాని బోర్డు 128 మెగాబైట్లు మోయగలదు గాని, దాని రోమ్‌లోని (యంత్రంతోనే వచ్చే శాశ్వత మెమరీలోని) ప్రోగ్రాము పూర్తిగా 32 బిట్ల అడ్రసులకు తగినట్టు రాసింది కాదు. అందువల్ల 8 మెగాబైట్లకు మించిన మెమరీ వేసినా ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని వాడుకోలేకపోయేది. కనెక్టిక్స్ అనే సంస్థ రాసిన మోడ్32 అనే చిన్న ప్రోగ్రాము ఈ ముడి విప్పింది. 1991లో ఆపిల్ దానికి హక్కులు తీసుకుని వాడకందార్లకు ఉచితంగా ఇచ్చింది. బోర్డు వైపు నుంచీ మరో పరిష్కారం ఉంది: ఎస్‌ఈ/30లో రోమ్ ఒక స్లాటులో ఉంటుంది కనుక, మెకింటాష్ 2ఎస్‌ఐ రోమ్‌ను తెచ్చి అక్కడ పెడితే సరిపోతుంది. అతికించకుండా స్లాటులో పెట్టిన ఆ ఒక్క నిర్ణయం యంత్రానికి అదనపు ఆయుష్షు ఇచ్చింది.

ఆయుష్షు మాట వచ్చింది కాబట్టి, ముప్పై ఏళ్ల తర్వాత ఈ బోర్డులు ఎలా ఉన్నాయో చూద్దాం; ఇక్కడ మన పోలిక తలకిందులవుతుంది. ఎస్‌ఈ బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు రెండు వైపులా తీగలున్న పాతకాలపు రకం, బోర్డుకు రంధ్రం చేసి అతికించినవి. అవి ఈనాటికీ చాలా వరకు పొడిగానే ఉన్నాయి. ఎస్‌ఈ/30, క్లాసిక్ 2, ఎల్‌సీ 2 బోర్డుల మీద ఉన్నవి ఉపరితలం మీద అతికించే చిన్న అల్యూమినియం డబ్బాలు, ఎక్కువగా 47 మైక్రోఫారడ్, 16 వోల్టులవి. వాటి అడుగున ఉన్న రబ్బరు బిరడా సడలి లోపలి ద్రవం కారుతుంది. చుట్టూ సోల్డర్ మసకబారి, రాగి గీతలు తినుకుపోతాయి. సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే చేపల వాసన వస్తుంది. ఎస్‌ఈ/30లో శబ్దం సన్నగిల్లడం, తెర మీద అడ్డ చారలు రావడం దీని తొలి లక్షణాలు.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగిన కొద్దీ సుమారు సగమవుతుందన్నది మన రంగంలో అందరూ వాడే లెక్క. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన అనంతపురంలో, రేకుల గదిలో అటక మీద పడేసిన బోర్డు కరెంటు తగలకపోయినా ముసలిదవుతుంది. అందుకే, పని చేయకపోయినా సరే, ఈ కాలపు బోర్డు ఏది దొరికినా ముందు ఆ డబ్బాలను తీసేయండి. కొత్తగా టాంటలం రకం వేస్తున్నట్లయితే ఒక జాగ్రత్త: అల్యూమినియం డబ్బా మీద నల్ల పట్టీ మైనస్ వైపు గుర్తు, టాంటలం మీద గీత ప్లస్ వైపు గుర్తు. పాత దాని పట్టీ ఎటుందో చూసి కొత్త దాన్ని అటే తిప్పి వేసిన బోర్డులు పొగ వదిలాయి.

పీసీ బోర్డుల జబ్బు వేరు. ఈ 386 బోర్డు మూల చూడండి, నీలం పీపా లాంటి 3.6 వోల్టుల నికెల్ క్యాడ్మియం బ్యాటరీ ఉండేది అక్కడే. దాని నుంచి కారే క్షారం పచ్చటి పొరలా గీతల వెంబడి పాకి, పక్కనే ఉండే కీబోర్డు చిప్పును, స్లాట్లను తినేస్తుంది. క్షారం కాబట్టి ముందు కొంచెం వెనిగర్‌తో విరుగుడు చేసి, ఆ తర్వాత కడగాలి. కడగడానికి బోరు నీళ్లు అసలు వాడవద్దు. మన జిల్లా బోర్లలోని ఉప్పులు ఆరిన తర్వాత తెల్లటి పొరగా మిగిలి కొత్త జబ్బు తెస్తాయి. బ్యాటరీ అంగళ్లలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించండి. మెకింటాష్‌లలో ఉండే 3.6 వోల్టుల అర సైజు లిథియం బ్యాటరీలు కూడా పగిలి కారతాయి. భద్రపరిచే ఏ బోర్డులోనూ బ్యాటరీ ఉంచవద్దు.

రిపేరు చేసేవారికి ఈ పోలిక వల్ల కలిగే పెద్ద లాభం మరొకటి ఉంది. సర్క్యూట్ బొమ్మ దొరకని పాత బోర్డుకు అదే రకం మంచి బోర్డే సర్క్యూట్ బొమ్మ. మీటర్‌ను డయోడ్ స్థానంలో పెట్టి, ఎర్ర తీగను గ్రౌండ్‌కు కలిపి, నల్ల తీగతో రెండు బోర్డుల మీదా ఒకే కాలు ముట్టుకుంటూ పోండి. మంచి బోర్డు మీద వచ్చిన అంకె చెడ్డ బోర్డు మీద రాకపోతే, ఆ గీత ఎక్కడో తెగిందో, ఆ ఐసీ లోపల షార్ట్ అయిందో తెలిసిపోతుంది. ఈ పని కరెంటు తీసేశాకే చేయాలి. చిన్న మెకింటాష్‌లలో బోర్డు తీసేటప్పుడు పిక్చర్ ట్యూబు మెడకూ, దాని పక్కన రబ్బరు మూత ఉన్న తీగకూ చేయి తగలనివ్వద్దు; ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అక్కడ కొన్ని వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

ఇక ఇద్దరిద్దరు చొప్పున బల్ల దగ్గరికి రండి. ప్రతి జంటకూ ఒక మీటర్ ఇస్తాను, కంటిన్యుటీ బీపు స్థానంలో పెట్టుకోండి. 30 కాళ్ల సిమ్ములో మూడో కాలు మొదటి డేటా తీగ. మొదటి స్లాటు మూడో కాలు మీద ఒక మొన ఉంచి, మిగిలిన స్లాట్ల మూడో కాళ్లను ఒక్కొక్కటే రెండో మొనతో తాకండి. బీపు వినిపించిన స్లాట్లు ఒకే తీగ మీద ఉన్నట్టు, వాటిని ఒక గుంపుగా రాసుకోండి. తర్వాత మిగిలిన స్లాట్లలో మొదటి దానితో మళ్లీ మొదలుపెట్టండి. అన్ని స్లాట్లూ అయ్యాక ఎన్ని గుంపులు వచ్చాయో దాన్ని ఎనిమిదితో గుణించండి, దారి వెడల్పు వస్తుంది. మధ్యలో బఫర్ ఐసీలు (సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే చిప్పులు) పెట్టి బ్యాంకులను విడదీసిన బోర్డుల్లో ఈ లెక్క పనిచేయదు; అలాంటి చోట గుంపులు ఎక్కువగా కనిపిస్తాయి, అప్పుడు మూడో కాలి నుంచి గీతను పట్టుకుని ఆ ఐసీ దాకా వెళ్లి చూడాలి. మొదట రెండు స్లాట్ల ఎల్‌సీ 2తో మొదలుపెట్టి, తర్వాత 386 ఎస్‌ఎక్స్, డీఎక్స్‌లకు వెళ్లండి. ఎనిమిది స్లాట్ల ఎస్‌ఈ/30ని చివరికి ఉంచుకోండి. ప్రాసెసర్ పేరు కనిపించకుండా అన్ని బోర్డుల మీదా కాగితం అతికించాను, మీ లెక్క పూర్తయ్యాకే తీసి చూడండి.